సన్సిజ్బాయ్ చూసిన చుక్కలు

సన్సిజ్బాయ్ మా వీధికి ఆపిల్ చెట్లకు మందు కొట్టడానికి వచ్చి, అల్లుడై కూర్చున్నాడు. కొండ దిగువ తోటలన్నీ అప్పట్లో సర్కారు సేద్యం కిందే ఉండేవి. ట్రాక్టరు వెనక మందు పీపా తగిలించుకుని తోట తోటకూ తిరగడం అతని ఉద్యోగం. ఒక వసంతకాలంలో ఆ ట్రాక్టరు సరిగ్గా ఉర్కియా ఇంటి గేటు ముందు మొరాయించింది. విడిభాగం పట్నం నుంచి వచ్చేదాకా అది అక్కడే పడి ఉంది, దానికి కాపలాగా ఇతనూ పడి ఉన్నాడు. ఆ సమయంలో ఉర్కియా ఒక్కగానొక్క కూతురు నూరిలా అతనికి పాలు పోసిన టీ తెచ్చి ఇచ్చింది, నూనెలో వేయించిన రొట్టె ముక్కలు ఇచ్చింది, గ్రీజు చేతులు తుడుచుకోమని తువ్వాలు కూడా ఇచ్చింది. ట్రాక్టరు బాగయింది. మనిషి మాత్రం బాగవలేదు.

"నాకు మగపిల్లలు లేరు. పిల్లని గడప దాటించను. కావాలంటే నువ్వే గడప లోపలికి రా," అంది ఉర్కియా.

"అలాగేనమ్మా," అన్నాడు సన్సిజ్బాయ్. అతను జీవితంలో తడుముకోకుండా ఇచ్చిన జవాబు అదొక్కటే.

అత్తవారింట కాపురం పెట్టినవాణ్ణి మా కజక్కులు కుక్కపిల్ల అల్లుడంటారు. ఎంత మంచివాడైనా ఆ పేరు తప్పదు. బాల్ఖాష్ సరస్సు అవతల గొర్రెలు కాసుకునే అతని తండ్రికి ఈ కబురు చేరితే ఆ ముసలాయన గడ్డం దువ్వుకుని, "మందలో గొర్రె తగ్గితే వెతకాలి గానీ, కొడుకు తగ్గితే వెతకడమెందుకు? ఇంకా బోలెడుమంది తిండికి కూర్చునున్నారు," అన్నాడట.

ఉర్కియా సంగతి చెప్పాలి. మనిషి ఎండు కొమ్మలా పొడుగ్గా, నిటారుగా ఉండేది. పెళ్ళికూతుళ్ళకు సారె పెట్టే గోడ తెరల మీద పట్టుదారంతో కుట్టు పని చేసేది. ఆమె కుట్టులో తప్పు పట్టినవాళ్ళు లేరు. ఇతరుల కుట్టులో తప్పు మాత్రం ఆమె వీధి అవతల నుంచే పట్టేది. అల్లుణ్ణి కూడా ఒక కుట్టులాగే చూసింది. నడక వంకర, టోపీ వంకర, టీ గిన్నె పట్టుకోవడం వంకర. ఆమె పెరట్లో అపోర్త్ ఆపిల్ చెట్లు ఉండేవి. ఒక్కో పండు పసిబిడ్డ తలంత. వాటికి మందు కొట్టనిచ్చేది కాదు. మందు వాసన పండుకు పడుతుందని ఆమె నమ్మకం. ఊళ్ళో అందరి చెట్లకూ మందు కొట్టే మనిషి సొంత ఇంటి చెట్టు మీద ఒక్క చుక్క చల్లడానికి వీల్లేదు.

"ఉర్కియాకి వైద్యుడే అల్లుడు, అయినా ఇంటినిండా దగ్గే," అని వీధిలో నవ్వుకునేవాళ్ళం.

ఆ మాట మొదట అన్నది రిసాల్దీ. ఆమె ఉర్కియాకు పక్కింటి మనిషి. మధ్యలో ఒక కంచె, పక్కన పిల్లకాలువ. పొట్టిగా, గుండ్రంగా, టీ నీళ్ళు కాచే సమోవారులా ఎప్పుడూ కుతకుతలాడుతూ ఉండేది. ఆమె పెరట్లో కంచెను ఆనుకుని పెద్ద మొయిల్ చెట్టు ఉండేది. వసంతంలో తెల్లటి పూల గుత్తులు, వేసవి చివర మిరియాల్లాంటి నల్లటి పళ్ళు. ఆ పళ్ళు ఎండబెట్టి, దంచి, పిండిలో కలిపి రిసాల్దీ కాల్చే రొట్టె తింటే నాలుక నల్లబడుతుంది, మనసు తెల్లబడుతుంది. అత్త చేత తిట్లు తిన్న ప్రతిసారీ సన్సిజ్బాయ్ ఆ చెట్టు కిందికి చేరి ఈ రొట్టె తినేవాడు. అక్కడ అతను కుక్కపిల్ల కాదు, అతిథి. ఇంటికొచ్చేముందు కాలువలో నోరు పుక్కిలించి నాలుక గీసుకునేవాడు. అత్త కళ్ళు అలాంటివి.

గొడవ మొదలైంది పురుగుల వల్ల. మొయిల్ చెట్టుకు ఎండలు ముదిరే ముందు చిన్న గొంగళిపురుగులు పట్టి, ఆకులు తిని, సన్నటి పట్టు గూళ్ళు అల్లుతాయి. ఆపిల్ చెట్టుకూ అలాంటివే పడతాయి. అవి పెరిగి చిమ్మటలవుతాయి. తెల్లటి రెక్కలు, వాటి మీద సూదితో పొడిచినట్టు నల్లటి చుక్కలు. ఏటా వచ్చేవే, ఏటా పోయేవే. కానీ ఆ ఏడు వచ్చినన్ని ఎప్పుడూ రాలేదు. మొయిల్ చెట్టు మొదలు నుంచి చివరి కొమ్మ దాకా తెల్లటి పట్టు కప్పుకుని, మేలిముసుగు వేసుకున్న పెళ్ళికూతురిలా నిలబడింది. తినడానికి ఆకు మిగలక పురుగులు కిందికి దిగాయి. కంచెను చుట్టేశాయి. పారను చుట్టేశాయి. ఉర్కియా ఆరేసిన చొక్కాల చేతులు రెండూ కలిపి కుట్టేశాయి. అదే వారంలో ఆమె ఆపిల్ కొమ్మల మీద కూడా తెల్ల గూళ్ళు కనిపించాయి.

ఉర్కియా కంచె దగ్గరికి వచ్చింది.

"ఏమే రిసాల్దీ, నీ చెట్టు పురుగులు నా చెట్టుకొచ్చాయి."

"నా పురుగులకి నీ పుల్లటి ఆకులెందుకే? తియ్యటి చెట్టు వదిలేసి వస్తాయా?"

"నీ చెట్టున ఆకేదీ? బోడి చేసి పెట్టాయిగా. ఆకలేసినోడు పుల్లనా తియ్యనా చూస్తాడా? చెట్టు కొట్టించెయ్."

"నీ నాలుక కొట్టించుకో ముందు. దానికన్నా నా చెట్టే పొట్టి."

మా భాషలో చిమ్మటను కుయె అంటారు, అల్లుణ్ణి కుయెవ్ అంటారు. పలకడంలో అర మాత్ర తేడా. రిసాల్దీ ఆ అవకాశం వదులుకోలేదు. గొంతు పెంచి వీధికంతా వినబడేలా, "మీ ఇంట్లో ఎక్కువైంది కుయె అయితే నాకు చెప్పు, కుయెవ్ అయితే నేనేం చెయ్యను?" అంది.

ఆ సాయంత్రమే ఉర్కియా గొడ్డలి తెచ్చి అల్లుడి ముందు పెట్టింది.

"వెళ్ళి ఆ చెట్టు కొట్టేసిరా."

సన్సిజ్బాయ్ గొడ్డలిని చూశాడు, అత్తను చూశాడు, కిటికీలోంచి చెట్టును చూశాడు. కాదనడం అతనికి చేతకాదు. అవుననడానికి నోరు రాలేదు. చివరికి, "గొడ్డలికి పదును లేదమ్మా," అన్నాడు.

మర్నాడు ఉర్కియా తానే పదును పెట్టించి తెచ్చింది. అప్పుడు సన్సిజ్బాయ్, "పురుగు ఇటునుంచి అటు వెళ్ళిందో, అటునుంచి ఇటు వచ్చిందో జిల్లా ఆఫీసులో అడిగొస్తాను. తొందరపడితే నలుగురూ నిన్నే అంటారు," అన్నాడు. అత్తకు లోకులంటే లెక్కలేదు గానీ, నలుగురిలో తన తప్పు తేలడమంటే మహా భయం. వెళ్ళిరమ్మంది.

జిల్లా కేంద్రంలో చీడపీడల ఆఫీసులో జుబైలా అనే ఆవిడ ఉండేది. మందు పీపాలు నింపుకోవడానికి వెళ్ళేవాడు కాబట్టి అతనికి పరిచయమే. ఆవిడ అంతా విని, అట్టపెట్టె తెరిచి గుండుసూదులకు గుచ్చిన చిమ్మటలు చూపించింది.

"ఇవన్నీ ఒకే వంశం, బాబూ. దూరం నుంచి అన్నీ ఒకేలా ఉంటాయి. దగ్గరగా చూడు. మొయిల్ మీద బతికేదానికి పై రెక్కలో చుక్కలు సన్నగా, ఒత్తుగా, అయిదు వరసల్లో ఉంటాయి. ఆపిల్ దానికి చుక్కలు తక్కువ, మూడు వరసలే అనుకో. దీని తిండి అది తినదు, దాని తిండి ఇది తినదు."

"ఆకలేసినా తినదా?"

"చస్తుంది గానీ తినదు."

సన్సిజ్బాయ్‌కి ప్రాణం లేచొచ్చింది. బస్సు దిగి ఇంటికి పరుగెత్తుకొచ్చి గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. ఉర్కియా సూదిలో దారం ఎక్కిస్తూ విన్నది.

"అయితే నా చెట్టెక్కేముందు అది కాగితాలు చూపిస్తుందా, నేను ఫలానా వంశం అని?"

"రెక్కల మీదే రాసుంటదమ్మా. చుక్కల వరసలు."

"చదువొచ్చిన చిమ్మటలన్నమాట. సరే, చూపించు. నలుగుర్నీ పిలుస్తాను. చూపించలేకపోయావో, అదే రోజు గొడ్డలి నీ చేతిలో పెడతాను."

ఇలా ఇరుక్కున్నాడు. సన్సిజ్బాయ్ అంటే మా మాటల్లో లెక్కలేనన్ని సిరులున్నవాడని అర్థం. ఆ లెక్కలేనివాడు చుక్కలు లెక్కపెట్టే పనిలో పడ్డాడు. రెండు పెద్ద గాజు సీసాలు తెచ్చాడు. ఒకదానిలో మొయిల్ కొమ్మ నుంచి దులిపిన గూళ్ళు, రెండోదానిలో ఆపిల్ చెట్టు నుంచి ఏరిన గూళ్ళు వేసి, మూతికి పల్చటి గుడ్డ కట్టి, పడక గదిలో కిటికీ దగ్గర పెట్టాడు. పొద్దున్న లేవగానే భార్య ముఖం కన్నా ముందు వాటి ముఖం చూసేవాడు.

"నాకు జ్వరం వచ్చినప్పుడు కూడా నువ్విన్నిసార్లు లేచి చూళ్ళేదు," అంది నూరిలా.

"నువ్వు గుడ్డ కట్టుకుని సీసాలో లేవు కదా," అన్నాడు. ఆ రోజు అతనికి టీ దొరకలేదు. ఎక్కడ దొరికిందో వేరే చెప్పక్కర్లేదు.

చిమ్మటలు బయటికొచ్చాక ఉర్కియా గొర్రెను కోయించి పెద్దల్ని పిలిచింది. ఎంత తగవైనా మా దగ్గర తిండి ముందు, తీర్పు తర్వాత. అందరికన్నా పెద్ద కారిబోజ్ తాత భూతద్దం తెచ్చుకున్నాడు. ఆయన పాత రేడియోలు విప్పి, కొన్నిటిని మళ్ళీ బిగించేవాడు. పక్కన తెల్గారా తాత. ఆయనకు ఒక కంట్లో శుక్లం, రెండో కన్ను బాగుందని ఆయన మాటే. రిసాల్దీ కూడా వచ్చింది. శత్రువు ఇంటి మాంసం వదులుకునేంత కోపం ఆమెకు ఎప్పుడూ లేదు. ఇద్దరు ఆడవాళ్ళూ ఉతికి గంజి పెట్టిన తెల్ల తలగుడ్డలు కట్టుకుని ఎదురెదురుగా కూర్చున్నారు. మేం వీధివాళ్ళం తలుపు దగ్గర కిక్కిరిసి నిలబడ్డాం.

ఉడికించిన పల్చటి పిండి ముక్కల మీద పరిచిన మాంసం అయిపోయింది. టీ వచ్చింది. సన్సిజ్బాయ్ సీసాలు రెండూ తెచ్చి భోజనాల గుడ్డ మీద పెట్టాడు.

"ఇది మొయిల్‌ది. అయిదు వరసలు. చూడండి తాతా."

కారిబోజ్ తాత భూతద్దం సీసాకు ఆనించాడు. చాలాసేపు చూశాడు. "నాలుగు," అన్నాడు.

"ఇటివ్వు," అని తెల్గారా తాత లాక్కున్నాడు. "ఏడున్నాయి గదయ్యా."

"నీ కంట్లో రెండున్నాయి, అవీ కలిపావు."

"కదుల్తుంటే ఎట్లా లెక్కపెట్టేది? గొర్రెలైతే కుక్కైనా ఆపుద్ది."

"అది రెక్క కాదు తాతా, సీసా అంచు," అని సన్సిజ్బాయ్ మధ్యలో చెప్పబోతే, "అల్లుడివి, నువ్వు మాట్లాడకు," అన్నారు ఇద్దరూ కలిసి. ఆ విషయంలో మాత్రం ఏకాభిప్రాయం కుదిరింది.

భూతద్దం అటూ ఇటూ లాగడంలో తెల్గారా తాత మోచెయ్యి తగిలి ఒక సీసా మూతిగుడ్డ ఊడింది. మొయిల్ చిమ్మటలు గుప్పున లేచాయి. గది నిండా తెల్లటి రెక్కలు. మీగడ గిన్నెలో పడ్డాయి, తాతల గడ్డాల్లో దూరాయి. కారిబోజ్ తాత నోరు మూసుకుని ముక్కుతో కేకలు వేశాడు. కొన్ని చిమ్మటలు వెలుతురున్న చోటు వెతుక్కుని, తెల్లగా మెరుస్తున్న రిసాల్దీ తలగుడ్డ మీద వాలాయి. తెల్ల బట్ట మీద తెల్ల రెక్కలు కలిసిపోయి, చుక్కలు మాత్రమే మిగిలాయి. ఆమె తలనిండా ఎవరో నల్లదారంతో కుట్టు పని చేసినట్టయింది.

సన్సిజ్బాయ్ తల పట్టుకుని కూర్చున్నాడు. అత్తలు అల్లుళ్ళకు చుక్కలు చూపించడం అన్ని చోట్లా ఉన్నదే. ఇతను చుక్కలు చూపిస్తానని బయల్దేరి, చూపించలేక చతికిలబడ్డాడు.

అప్పుడు ఉర్కియా లేచింది. "కదలకే," అని రిసాల్దీ ముందు మోకాళ్ళ మీద కూర్చుని, తలగుడ్డకు ముఖం ఆనించినంత దగ్గరగా చూసింది. పూర్వం ఒక పెళ్ళి తెరలో ఒక్క కుట్టు తప్పిందని మొత్తం విప్పేసిన మనిషి ఆమె. తర్వాత రెండో సీసా చేతిలోకి తీసుకుని, కిటికీ దగ్గర వెలుతుర్లో తిప్పి చూసింది. భూతద్దం అడగలేదు.

"వేరే చెయ్యి," అంది చివరికి.

"ఏంటి?" అన్నాడు కారిబోజ్ తాత.

"ఒకళ్ళు కుట్టింది కాదు. రిసాల్దీ నెత్తి మీదవి ఒత్తు కుట్టు, అయిదు వరసలు. నా చెట్టువి పల్చటి కుట్టు. కుట్టినావిడకి దారం చాల్లేదు."

గదిలో గుసగుసలు. సన్సిజ్బాయ్ మెల్లగా తలెత్తాడు. రిసాల్దీ ముఖం చేటంతయింది. తల కదపకూడదని గుర్తుండి కళ్ళతోనే నవ్వింది. కానీ ఉర్కియా సీసా ఇంకా దించలేదు. ఒక వేలు పెట్టి లోపల ఒక మూల చూపించింది.

"మరి వీడెవడు?"

అందరం ముందుకు వంగాం. ఆపిల్ సీసాలో, మిగతా వాటి మధ్య, ఒత్తు చుక్కలది ఒకటి దర్జాగా కూర్చుని ఉంది. అయిదు వరసలు.

"నా చెట్టు నుంచి ఏరిన గూళ్ళే కదా అల్లుడూ ఇవి? దీని తిండి అది చచ్చినా తినదన్నావు. ఇదిక్కడేం చేస్తోంది?"

సన్సిజ్బాయ్ చూపు తలుపు వైపు పోయింది. గొడ్డలి ఇంకా తలుపు వెనకే ఉంది. జుబైలా చెప్పనిది ఏదైనా ఇప్పుడు అతనే చెప్పాలి. ఆ గూడు తాను ఎక్కడ ఏరాడో గుర్తు తెచ్చుకున్నాడు. కంచె పక్క చెట్టు, మొదలు దగ్గర, ఆకులు లేని చోట.

"అది... అది తిండి అక్కడే తిన్నదమ్మా," అన్నాడు. "కడుపు నిండాక కంచె దాటొచ్చి పడక మాత్రం మన చెట్టుకి వేసుకుంది. మన ఆకు ముట్టుకోలేదు."

ఉర్కియా అతని వైపు తిరిగింది.

"అంటే తిండి రిసాల్దీ ఇంట్లో, పడక మా ఇంట్లో."

"అవునమ్మా."

"నీలాగ."

మొదట తెల్గారా తాత నవ్వాడు, తర్వాత ఎవరు నవ్వారో ఎవరు నవ్వలేదో తెలియలేదు. నూరిలా ముఖానికి కొంగు అడ్డం పెట్టుకుంది. రిసాల్దీ నవ్వేసరికి తల మీది చిమ్మటలన్నీ లేచి పోయాయి. సన్సిజ్బాయ్ ఒక్కడే తెల్లబోయి, "నీకెప్పట్నుంచి తెలుసు?" అన్నాడు.

"నాలుక గీసుకుంటావు గానీ పళ్ళు తోముకోవు కదయ్యా. పెళ్ళయిన ఏటి నుంచి తెలుసు. ఇంట్లో తిండి మిగుల్తోంది కదా అని ఊరుకున్నా."

కారిబోజ్ తాత గడ్డంలోంచి చివరి చిమ్మటను తీసి వదిలి తీర్పు చెప్పాడు. చెట్టు ఉంటుంది. పక్క చెట్టు మీద పడుకోవడం నేరం కాదు, తింటేనే నేరం. ఉర్కియా చెట్టు పురుగు ఉర్కియాదే. "ఇంకో గొర్రె ఉంటే ఇంకో తీర్పు కూడా చెప్పేవాణ్ణి," అని లేచాడు.

ఉర్కియా ఓడిపోయానని ఒప్పుకోలేదు. అల్లుడికి ఎన్నడూ పెట్టని గొర్రె రొమ్ము ముక్క, తాను తీసి దాచి ఉంచినది, తెచ్చి అతని పళ్ళెంలో పెట్టి, "ఇక్కడ కూడా తిండి పెడతారని చిమ్మటలకి తెలియాలి," అంది. కొత్త అల్లుడికి మొదటి పండగకు పెట్టాల్సిన ముక్క అది. సన్సిజ్బాయ్ అది తింటుంటే అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయని నూరిలా తర్వాత మాకు చెప్పింది. మిరియం నమిలానని అతను చెప్పాడు.

మొయిల్ చెట్టు ఆ నెలలోనే ఏమీ జరగనట్టు కొత్త ఆకు వేసింది. మరుసటి ఏడు నుంచి ఉర్కియా ఆపిల్ చెట్లకు గూళ్ళు కనిపించగానే సన్సిజ్బాయ్ నిచ్చెన వేసుకుని చేత్తోనే తీసేసేవాడు. కింద నిలబడి ఆమె ఎడమ, కుడి చెప్పేది. మందుకు మాత్రం ఒప్పుకోలేదు.

ఈ కథ కొండ మలుపులు తిరిగి పక్క ఊళ్ళకు పాకింది. ఎక్కడ రెండు పెరళ్ళ మధ్య పురుగు గొడవ వచ్చినా సన్సిజ్బాయ్‌కి కబురు వచ్చేది. ఒకసారి పై ఊళ్ళో ఇద్దరు అన్నదమ్ములు కొట్టుకునేదాకా వచ్చారు. ఒకరిది ఆపిల్ చెట్టు, ఇంకొకరిది ముళ్ళ కొమ్మలకు ఎర్ర పళ్ళు కాసే దొలానా చెట్టు. అతన్ని పిలిపించారు. అత్త కూడా వస్తానంది. ట్రాక్టరు వెనక తొట్టిలో దిండు వేసుకుని, తెల్ల తలగుడ్డ కట్టుకుని, మహారాణిలా కూర్చుని వెళ్ళింది.

అక్కడ సన్సిజ్బాయ్ రెండు చెట్ల చిమ్మటల్నీ అరచేతిలో పెట్టుకుని చూశాడు. వరసలు లెక్కపెట్టాడు. దొలానాది కాస్త బూడిద రంగు అనిపించింది. ఎండలోకి తెస్తే అదీ తెల్లగానే కనిపించింది. అత్తకు చూపించాడు. ఆమె కూడా చూసి, తల అడ్డంగా ఊపి వెనక్కి ఇచ్చింది.

"ఈ రెండూ రెక్కలు చూసి చెప్పలేనండి. నాకు తెలీదు," అన్నాడు.

అన్నదమ్ములిద్దరికీ కోపం వచ్చింది. పెద్దవాడు, "ఇంతదూరం పిలిపించి తిండి పెట్టింది తెలీదని చెప్పించుకోడానికా? కుక్కపిల్ల అల్లుణ్ణి నమ్మాం చూడు," అన్నాడు.

ఉర్కియా టీ గిన్నె కింద పెట్టింది.

"మా అల్లుడు తెలీదన్నాడంటే అది ఎవరికీ తెలీనిదే," అంది. "తెలిసినట్టు చెప్పి మీ ఇద్దర్నీ కొట్టించడం ఎంతసేపు? ఇంకో గిన్నె టీ పొయ్యండి. తాగి వెళ్తాం."

పోశారు. అన్నదమ్ములు ఆ తర్వాత ఏమయ్యారో మాకు తెలియదు. రెండు చెట్లూ ఇప్పటికీ ఉన్నాయని మాత్రం విన్నాం.

తిరుగు దారిలో ట్రాక్టరు గుంటలో పడి లేచిన ప్రతిసారీ తొట్టిలోంచి తిట్లు వినిపించాయట. నడపడం వంకరట, రోడ్డు వంకరట, కొండ కూడా వంకరేనట. సన్సిజ్బాయ్ వెనక్కి తిరిగి చూడకుండా, "గట్టిగా పట్టుకో అమ్మా," అని మాత్రం అన్నాడు. ఆమె పట్టుకుంది.